వింబుల్డన్‌కు నడిచి వెళ్ళండి, క్యూలో నిలబడి చూడండి

సంపాదకులకు నమస్కారం.

జూన్ నెలాఖరు వచ్చిందంటే మన పత్రికల్లో లండన్‌లో జరిగే వింబుల్డన్ టెన్నిస్ వార్తలు మొదలవుతాయి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడిపోయారు అన్నదానితో పాటు ఏ సినిమావాళ్ళు, ఏ వ్యాపారవేత్తలు అక్కడ సూటు వేసుకుని కూర్చున్నారో ఆ ఫోటోలూ వస్తాయి. అవి చూసి చూసి అది లక్షలున్నవాళ్ళు వెళ్ళే చోటు అని మనలాంటివాళ్ళ మనసులో పడిపోయింది. నేనూ అలాగే అనుకునేదాన్ని. 2025 జూన్‌లో మావారూ నేనూ ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్ళో ఉన్న మా అమ్మాయి ఇంటి దగ్గర బయల్దేరి, థేమ్స్ నది ఒడ్డునే నడుచుకుంటూ వింబుల్డన్ దాకా వెళ్ళి, అక్కడ క్యూలో నిలబడి టికెట్ కొనుక్కుని మొదటి రోజు ఆట చూసి వచ్చాం. ఇద్దరం అరవై దాటినవాళ్ళమే. ఆయనకు షుగరు, నాకు ఎడమ మోకాలు నొప్పి. నేను హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను, ఆయన సహకార బ్యాంకులో చేశారు. మేము వెళ్ళగలిగామంటే మీ పాఠకుల్లో వేలమంది వెళ్ళగలరు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం, కాస్త పెద్దదే అయినా పూర్తిగా వేయమని కోరుతున్నాను.

పిల్లలు ఇంగ్లండ్‌లో ఉంటే తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద వెళ్ళి ఒకసారికి ఆరు నెలల దాకా ఉండొచ్చు. వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు ఆ ఆరు నెలలు ఎలా గడుస్తాయో. పొద్దున ఎనిమిదికల్లా పిల్లలు ఆఫీసుకు పోతారు, ఇంట్లో మనం, టీవీ, కిటికీ. శనాదివారాలు గుడికో, సూపర్ మార్కెట్‌కో. ఒకసారి లండన్ తీసుకెళ్ళి వంతెన దగ్గర, రాజుగారి కోట దగ్గర ఫోటోలు తీస్తారు. తర్వాత మళ్ళీ కిటికీ. 2024లో మేము మొదటిసారి వెళ్ళినప్పుడు సరిగ్గా అలాగే మూడు నెలలు గడిపి, ఇద్దరం చెరి నాలుగు కిలోలు పెరిగి తెనాలి తిరిగొచ్చాం.

ఆ ఏడాదే ఇంకొకటి కూడా జరిగింది. నాకు టెన్నిస్ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. రామనాథన్ కృష్ణన్ 1960, 1961లో వరసగా రెండేళ్ళు వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్ళిన సంగతి మా నాన్నగారు కథలాగా చెప్పేవారు. ఆ తర్వాత మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా 2003లో అక్కడ బాలికల డబుల్స్ గెలిచింది. 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి మహిళల డబుల్స్ ఫైనల్ ఆడినప్పుడు మొదటి సెట్ పోయింది, మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. అక్కడి నుంచి 5-5 చేశారు, చీకటి పడితే పైకప్పు మూసి లైట్లు వేశారు, 7-5తో గెలిచారు. ఇక్కడ అర్ధరాత్రి దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు, నేనొక్కదాన్నే టీవీ సౌండ్ తగ్గించుకుని చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ కోర్టు ఒక్కసారి కళ్ళారా చూడాలని అప్పటి నుంచీ కోరిక. ఈ సంగతి తెలిసిన మా అల్లుడు 2024లో ఒక వాట్సాప్ గ్రూపులో పరిచయమైన మనిషి దగ్గర రెండు టికెట్లు కొన్నాడు, రెండూ కలిపి మన లెక్కలో లక్ష దాటింది. గేటు దగ్గర వాటి మీదున్న పేరు మాది కాదని ఆపేశారు. అమ్మిన మనిషి ఫోన్ ఎత్తలేదు. మంచి చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వెళ్ళినదాన్ని అలాగే రైలెక్కి తిరిగొచ్చాను. డబ్బు పోయినందుకంటే అల్లుడి మొహం చూడలేకపోయాను ఆ రోజు.

అందుకని ముందు ఇది చెప్తాను, దయచేసి పెద్ద అక్షరాల్లో వేయండి. వింబుల్డన్ టికెట్లలో లాటరీలో వచ్చేవి, వాళ్ళు దాన్ని బ్యాలెట్ అంటారు, ఎవరి పేరు మీద వస్తే వాళ్ళవే, ఇంకొకరికి అమ్మితే చెల్లవు. వాళ్ళు అధికారికంగా భోజనంతో కలిపి అమ్మే హాస్పిటాలిటీ ప్యాకేజీలు పక్కన పెడితే, బయట మనిషి మనిషికి అమ్ముకోగలిగేవి డిబెంచర్ టికెట్లు మాత్రమే. డిబెంచర్ అంటే ఐదేళ్ళకు ఒక సీటు కొనుక్కోవడం. 2026 నుంచి 2030 దాకా అక్కడి ప్రధాన కోర్టు అయిన సెంటర్ కోర్టులో ఒక్క సీటు డిబెంచర్ ధర 1,16,000 పౌండ్లు. ఆ ధర పెట్టి కొన్నవాళ్ళ టికెట్ మనకు వాట్సాప్‌లో చవగ్గా దొరకదు. ఎవరైనా "మా ఫ్రెండుకు బ్యాలెట్‌లో వచ్చింది, వాడు వెళ్ళట్లేదు" అంటే నమ్మకండి.

మరి మనకు దారేమిటి? ఒకటి, ఆ బ్యాలెట్‌కు మన పేరు మీద మనమే దరఖాస్తు చేసుకోవడం. 1924 నుంచి ఉన్న పద్ధతి అది, సాధారణంగా ముందు ఏడాది సెప్టెంబర్ ప్రాంతంలో తెరుస్తారు, ఇండియాలో ఉన్నవాళ్ళు కూడా ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు, వస్తే వచ్చింది. రెండోది క్యూ. ప్రపంచంలో ఇంత పెద్ద టోర్నమెంట్లలో ఆ రోజు పొద్దున వెళ్ళి నిలబడినవాళ్ళకు మంచి సీట్లు అమ్మేవి ఎన్నో లేవు. సెంటర్ కోర్టు, ఒకటో నంబరు, రెండో నంబరు కోర్టులకు ఒక్కోదానికి సుమారు 500 టికెట్లు క్యూలో ఉన్నవాళ్ళకే పెడతారు, సెంటర్ కోర్టుకు మాత్రం చివరి నాలుగు రోజులు ఉండవు. అవి అయిపోయాక వేల సంఖ్యలో గ్రౌండ్ పాసులు ఇస్తారు. గ్రౌండ్ పాసుతో చిన్న కోర్టుల్లో రిజర్వు కాని సీట్లలో ఎక్కడైనా కూర్చోవచ్చు. 2025లో ధర ముప్పై పౌండ్లు, అటూ ఇటూ. హైదరాబాద్‌లో ఒక మంచి ఐపీఎల్ మ్యాచ్ టికెట్‌కు పెట్టేదానికి మరీ దూరం కాదు.

ఇక నడక సంగతి. 2025లో మళ్ళీ వెళ్తున్నప్పుడే అనుకున్నాం, ఈసారి కిటికీ దగ్గర కూర్చోకూడదని. మావారు తెనాలిలో రోజూ పొద్దున్నే గంట నడుస్తారు. ఇద్దరం ఏడాదికొకసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాం, అరుణాచలం గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు రెండుసార్లు చేశాం. మనవాళ్ళకు దూరం నడవడం కొత్తేమీ కాదు, మొక్కు కోసం ఎంతైనా నడుస్తాం. ఊరికే, నది చూడటానికి నడవడం మాత్రం అలవాటు లేదు, అదొక్కటే తేడా. మా అమ్మాయి ఇంటికి పది నిమిషాల దూరంలో థేమ్స్ ఉంది. అక్కడ ఒక కర్ర స్తంభం మీద తెల్లటి ఓక్ కాయ బొమ్మ, కింద "థేమ్స్ పాత్" అని రాసి ఉంటుంది. 2024లో రోజూ చూశాను, అదేమిటని అడగలేదు. కాట్స్‌వోల్డ్స్ అనే గుట్టల ప్రాంతంలో నది పుట్టిన చోటి నుంచి లండన్ తూర్పున వరద గేట్ల దాకా 184 మైళ్ళు, అంటే దాదాపు 296 కిలోమీటర్లు, నది పక్కనే నడిచి వెళ్ళడానికి 1996లో అధికారికంగా ప్రారంభించిన దారి అది.

ఆ దారి ఎలా వచ్చిందో తెలిస్తే మన కృష్ణా డెల్టావాళ్ళకు ఎంతో దగ్గరగా అనిపిస్తుంది. పూర్వం సరుకుల పడవలను ఒడ్డు మీద గుర్రాలు తాడుతో లాగేవి, ఆ గుర్రాలు నడిచిన గట్టే ఇప్పుడు మనుషులు నడిచే దారి. మన కాలవల మీద పడవలను గట్టున మనుషులు తాడుతో లాగడం మా అమ్మమ్మ చూసింది. వాళ్ళకూ లాకులున్నాయి, అచ్చం మన దుగ్గిరాల లాకుల్లాగే నీళ్ళు నింపి తలుపులు తెరిచి పడవను కిందికి దించుతారు. తేడా ఏమిటంటే మన లాకులు చాలావరకు మూతపడి తుప్పు పట్టాయి, వాళ్ళవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి, పక్కన పూలకుండీలు పెట్టుకుని మనిషి కాపలా ఉంటాడు. తెనాలిలో మూడు కాలవలు పారుతున్నాయి, ఒక్కదాని గట్టు మీదైనా నిశ్చింతగా మూడు కిలోమీటర్లు నడవగలమా అని ప్రతి లాకు దగ్గరా నాకు బాధేసింది.

రెడింగ్ నుంచి రిచ్‌మండ్ దాకా నది వెంట సుమారు వంద కిలోమీటర్లు. దాన్ని మేము ఎనిమిది రోజుల నడకగా విడగొట్టుకున్నాం, మధ్యలో విశ్రాంతి రోజులు పెట్టుకున్నాం. ముఖ్యమైన సంగతి, ఒక్క రోజు కూడా హోటల్లో ఉండలేదు. మా అమ్మాయి మ్యాపు ముందేసుకుని చూస్తే, దాదాపు ప్రతి మజిలీ దగ్గరా రైల్వే స్టేషన్ ఉంది. నడక ఎక్కడ ఆపితే అక్కడ రైలెక్కి రాత్రికి ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకునేవాళ్ళం, తెల్లారి మళ్ళీ రైల్లో అక్కడికే వెళ్ళి మొదలుపెట్టేవాళ్ళం. హెన్లీ, మార్లో, మేడెన్‌హెడ్, విండ్సర్, స్టెయిన్స్, రిచ్‌మండ్, అన్నింటి నుంచీ రెడింగ్‌కు రైళ్ళున్నాయి, కొన్నింటికి మధ్యలో మారాలి. అరవై దాటినవాళ్ళు సీనియర్ రైల్‌కార్డు కొనుక్కుంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది, పాస్‌పోర్టు చూపిస్తే చాలు, ఇది చాలామంది మనవాళ్ళకు తెలియదు.

మొదటి రోజు రెడింగ్ నుంచి హెన్లీ, 15 కిలోమీటర్లు. ఆ ఒక్క రోజే భయపడ్డాను. పచ్చిక బీళ్ళలో ఆవుల మధ్య నుంచి దారి పోతుంది, అది ఎవరిదో పొలం, మనల్ని ఎవరైనా ఏమంటారోనని మావారు రెండుసార్లు ఆగిపోయారు. ఎవరూ ఏమీ అనరు. అది నడిచేవాళ్ళకు చట్టం ఇచ్చిన హక్కు, పొలం యజమాని గేటు పెట్టుకోవచ్చు గానీ తాళం వేయకూడదు, మనం చేయాల్సిందల్లా వెళ్ళాక గేటు మళ్ళీ మూయడం. హెన్లీలో నది మధ్య పొడుగ్గా కర్రలు పాతి పడవ పందేలకు సిద్ధం చేస్తున్నారు. 1839 నుంచి జరిగే ఆ పందేలు ఎప్పుడూ వింబుల్డన్ రోజుల్లోనే పడతాయి, 2025లో జులై 1 నుంచి 6 వరకు. కాబట్టి నడవాలనుకునేవాళ్ళు హెన్లీని ఆ వారానికి ముందే దాటేయండి, ఆ వారంలో అక్కడ రైల్లో నిలబడటానికి కూడా చోటుండదు, రూముల సంగతి చెప్పక్కర్లేదు.

మార్లో దగ్గర 1832 నాటి వేలాడే వంతెన ఉంది, దాన్ని కట్టిన ఇంజనీరే తర్వాత బుడాపెస్ట్‌లో డాన్యూబ్ నది మీది పెద్ద వంతెనకూ డిజైన్ ఇచ్చాడు. మేడెన్‌హెడ్‌లో బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టిన ఇటుకల రైలు వంతెన చూసి మాత్రం లెక్కల టీచరుగా నేను అరగంట కదల్లేదు. ఒక్కో కమాను 128 అడుగుల వెడల్పు, అంత వెడల్పుకు ఎత్తు ఎంతో తక్కువ, ఇది నిలబడదు కూలిపోతుందని ఆ రోజుల్లో అన్నారట. 1839 నుంచి రైళ్ళు పోతూనే ఉన్నాయి, ఇప్పటి ఎలిజబెత్ లైను బళ్ళు కూడా దాని మీదే పోతాయి. దారి ఆ కమాను కిందుగానే వెళ్తుంది, కింద నిలబడి మాట్లాడితే మాట తిరిగొస్తుంది. మావారు "గోవిందా" అన్నారు, నాలుగుసార్లు వినబడింది.

విండ్సర్ దాటాక రాజుగారి సొంత తోట అడ్డం వస్తుంది కాబట్టి దారి నదిని వదిలి డాచెట్ అనే ఊళ్ళోకి తిరిగి మళ్ళీ ఒడ్డుకు వస్తుంది. తర్వాత రన్నీమీడ్, 1215లో జాన్ రాజు తన అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రానికి ఒప్పుకున్న మైదానం. పాతికేళ్ళు పక్క క్లాసులో సోషల్ టీచరు ఆ పాఠం చెప్తుంటే గోడ అవతల నుంచి విన్నదాన్ని, ఇప్పుడు ఆ గడ్డి మీద కూర్చుని చపాతీ తిన్నాను. షెపర్టన్ దగ్గర ఇంకా బాగుంది. అక్కడ నది దాటడానికి వంతెన లేదు, పడవ రేవు ఉంది, గంట మోగిస్తే అవతలి ఒడ్డు నుంచి చిన్న పడవ వస్తుంది. కొల్లిపర దగ్గర రేవులో పడవ కోసం కేకలేసిన మావారికి ఆ గంట కొట్టే అవకాశం ఇచ్చాను. తర్వాత హాంప్టన్ కోర్టు కోట, కింగ్‌స్టన్, టెడ్డింగ్టన్ లాకులు. సముద్రపు పోటు అక్కడి దాకా వస్తుంది, అక్కడి నుంచి నది రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది.

ఆడవాళ్ళు నన్ను మొదట అడిగేది బాత్రూమ్ సంగతి, దాని గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. కొన్ని లాకుల దగ్గర పబ్లిక్ టాయిలెట్లు ఉన్నాయి, లేని చోట ఒడ్డున పబ్బులున్నాయి, లోపలికి వెళ్ళి ఒక టీ అడిగితే గౌరవంగానే చూస్తారు, పబ్బు అనగానే తాగుడు కొట్టు అనుకుని నేను మొదటి రెండు రోజులు అనవసరంగా ఇబ్బంది పడ్డాను. బూట్లు మాత్రం ముందే కొనుక్కుని నెల రోజులు వాడాక బయల్దేరండి. మావారు కొత్తవి వేసుకుని రెండో రోజుకే మడమల మీద బొబ్బలు తెచ్చుకున్నారు, షుగరు ఉన్నవాళ్ళకు అది చిన్న విషయం కాదు, అందుకే రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. చీరతో నడవలేను, చుడీదారు, తలకు టోపీ, చేతిలో కర్ర.

చివరి రోజు, జూన్ 29 ఆదివారం. మామూలుగా అయితే నది వెంటే పట్నీ దాకా వెళ్ళి అక్కడి నుంచి రెండు మైళ్ళు లోపలికి నడవొచ్చు. మేము రిచ్‌మండ్ దగ్గరే నదిని వదిలేశాం. ఎందుకంటే లండన్ చుట్టూ 78 మైళ్ళ ఇంకో నడక దారి ఉంది, క్యాపిటల్ రింగ్ అంటారు, అది రిచ్‌మండ్ నుంచి సరిగ్గా వింబుల్డన్ పార్కులోకే వెళ్తుంది, 11 కిలోమీటర్లు. టెన్నిస్ క్యూ పెట్టేది ఆ పార్కులోనే! రెండు దారులు ఇలా కలుస్తాయని మ్యాపులో చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. రిచ్‌మండ్ గుట్ట ఎక్కి వెనక్కి చూస్తే మేము నడిచొచ్చిన నది మెలిక తిరిగి కనిపిస్తుంది, ఆ దృశ్యానికి అడ్డంగా ఏమీ కట్టకూడదని 1902లో పార్లమెంటు చట్టమే చేసింది. ఆ తర్వాత 2,500 ఎకరాల రిచ్‌మండ్ పార్కు, 600కు పైగా జింకలు చెట్ల కింద పడుకుని ఉన్నాయి ఎండకు. ఎండ అంటే నిజంగానే ఎండ, ఇంగ్లండ్ వాళ్ళు రేడియోలో హెచ్చరికలు ఇస్తున్నారు. ఆ తర్వాత వింబుల్డన్ కామన్ అడవి, అందులో 1817 నాటి గాలిమర. అది దాటి కాసేపు నడిస్తే పార్కు, చెరువు, గడ్డి మైదానం నిండా వరసలు వరసలుగా టెంట్లు.

అల్లుడు రైల్లో టెంటు తెచ్చి ఇచ్చాడు. ఇద్దరు పట్టే టెంటుకే అనుమతి, అంతకంటే పెద్దది ఒప్పుకోరు. చేరిన వెంటనే మనిషికో కార్డు ఇస్తారు, దాని మీద తేదీ, నంబరు. నేనూ మా అమ్మాయీ రాత్రికి ఉండిపోయాం, మా నంబర్లు రెండు వేలు దాటాయి. మావారికి నడుము నొప్పి, నేల మీద పడుకోలేరు, అల్లుడితో వెళ్ళి పొద్దున వస్తానన్నారు. అయితే మీ కార్డు ఇప్పుడు తీసుకోవడం కుదరదు అన్నారు అక్కడి వలంటీరు. ఎంత నిదానంగా, ఎంత మర్యాదగా చెప్పారో. క్యూలో ఉన్న మనిషికే నంబరు, భార్య ఉంది కదా అని భర్తకు ఇవ్వరు, అరగంట కంటే ఎక్కువసేపు టెంటు వదిలి వెళ్ళకూడదు. నాకు ఆ క్షణం కోపం వచ్చింది, పెద్దాయన కదా అనిపించింది. తర్వాత చుట్టూ చూశాను. నా ముందు డెబ్బై ఏళ్ళు దాటిన ఒక ఇంగ్లిష్ ఆవిడ మడత కుర్చీలో కూర్చుని అల్లుకుంటోంది, ముప్పై ఏళ్ళుగా ఏటా వస్తోందట, ఆవిడ భర్త కూడా ఎక్కడో వెనకున్నాడట. పక్కన బ్రెజిల్ కుర్రాళ్ళు, వెనక పంజాబీ డాక్టరమ్మ. డబ్బుతో గానీ, పలుకుబడితో గానీ, ఫోన్ కాల్‌తో గానీ ఒక్క నంబరు కూడా ముందుకు జరగని వరస నా జీవితంలో అదే మొదటిసారి చూడటం. దర్శనం క్యూల్లో సిఫారసు లెటర్లు పట్టుకుని పక్క గేటులోంచి వెళ్ళేవాళ్ళను చూస్తూ గంటలు నిలబడినదాన్ని కాబట్టి ఈ మాట మనసారా చెప్తున్నాను.

రాత్రి పదయ్యాక గోల చేయకూడదు. నిజంగానే అంతమంది ఉన్నా మాటలు వినపడలేదు. తెల్లవారు జామున వచ్చి లేపుతారు, టెంటు మడిచి అక్కడే ఉన్న సామాన్ల గదిలో పెట్టి దగ్గర దగ్గరగా నిలబడాలి. లోపలికి తీసుకెళ్ళే సంచి 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు దాటకూడదు, నడకకు వాడే పెద్ద వీపు సంచులు పనికిరావు, ఇది గుర్తుపెట్టుకోండి. సామాన్ల గదిలో పెట్టేవాటికి కూడా సైజు లెక్క ఉంటుంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళండి. తినేవి మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్ళొచ్చు. మా అమ్మాయి డబ్బాలో చింతపండు పులిహోర, మాగాయ పెరుగు పచ్చడి పెట్టుకొచ్చింది, గేటు దగ్గర తెరిచి చూసి నవ్వి పంపించారు.

జూన్ 30, 2025. వింబుల్డన్ చరిత్రలో అప్పటిదాకా జరిగిన ప్రారంభ రోజులన్నింటిలోకీ ఎక్కువ వేడి రోజు అదేనట, 32 డిగ్రీలు దాటింది. మాకు తెనాలిలో మార్చి నెల లెక్క. చిన్న కోర్టుల్లో ఆట 11 గంటలకు మొదలవుతుంది. మొదటిసారి ఆ గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఆటగాడు నాకు పది అడుగుల దూరంలో సర్వ్ చేశాడు. టీవీలో ఎప్పుడూ అర్థం కాని విషయం ఆ వేగం. బంతి కనపడదు, చప్పుడు వినపడుతుంది, ఆ తర్వాత ఆటగాడి రొప్పు వినపడుతుంది, బూటు గడ్డి మీద జారడం వినపడుతుంది. సెంటర్ కోర్టు టికెట్ ఉన్నవాళ్ళకు కూడా ఇంత దగ్గర దొరకదు. ఆ ఏడాదే మొదటిసారి లైన్ అంపైర్లు లేకుండా మిషన్లే అవుట్ చెప్పాయి. వరసగా నిలబడి వంగి చూసే ఆ మనుషులు లేకపోవడం నాకు వెలితిగానే అనిపించింది.

మావారు పొద్దున ఆరింటికి వచ్చి తన వంతు కార్డు తీసుకుని నిలబడ్డారు. నంబరు ఎనిమిది వేల పైచిలుకు. ఎండలో టోపీ పెట్టుకుని, కుళాయి దగ్గర సీసా నింపుకుంటూ, గంటకో గ్లూకోజ్ బిస్కెట్ తింటూ, మధ్యాహ్నం మూడు దాటాక లోపలికి వచ్చారు. అప్పటికి లోపలున్న గుట్ట దగ్గర పెద్ద తెర మీద సెంటర్ కోర్టులోని అల్కరాజ్, ఫోనిని ఆట నడుస్తోంది, ఐదు సెట్లు పోయింది అది. ఆయన వచ్చి గడ్డిలో కూలబడి, బూట్లు విప్పి, "స్కోరెంత?" అన్నారు. స్ట్రాబెర్రీలు, మీగడ గిన్నె తెచ్చి ఇచ్చాను. 2010 నుంచి రెండున్నర పౌండ్లే ఉన్న ఆ గిన్నెను 2025లో 2.70 చేశారు, అక్కడి పత్రికలన్నీ దాని గురించే రాశాయి. షుగరు కదా అని మీగడ నేను తిన్నాను.

ఒక్క విషయంలో తప్పు చేశాం. సాయంత్రం సెంటర్ కోర్టు లాంటి పెద్ద కోర్టులు వదిలి వెళ్ళిపోయేవాళ్ళ టికెట్లను తిరిగి తీసుకుని 10, 15 పౌండ్లకు మళ్ళీ అమ్ముతారు, 1954 నుంచి ఉన్న ఏర్పాటు, ఆ డబ్బు సేవా కార్యక్రమాలకు పోతుంది. ఇప్పుడు ఫోన్‌లో వాళ్ళ యాప్‌లోనే ఆ వరసలో చేరొచ్చు. మేము అలసిపోయి చేరలేదు. చేరి ఉంటే సానియా గెలిచిన ఆ కోర్టులో ఒక గంటైనా కూర్చునేదాన్నేమో. వెళ్ళేవాళ్ళు ఆ పని మర్చిపోకండి, మధ్యాహ్నమే చేరిపోండి.

సంపాదకుల వారికి రెండు విన్నపాలు. బ్యాలెట్ తెరిచినప్పుడు మీ స్పోర్ట్స్ పేజీలో ఒక చిన్న బాక్సు కట్టి తేదీ వేయండి. అప్పటికి ఇంకా తొమ్మిది నెలల టైముంటుంది, వీసాకూ విమాన టికెట్లకూ సరిపోతుంది. జూన్ మొదటి వారంలో క్యూ ఎలా పనిచేస్తుందో, ఆ ఏడాది నియమాలు ఏమిటో తెలుగులో వివరంగా ఇవ్వండి. మీ విలేకరులకు సమాచారం కావాలంటే నా దగ్గరున్న మజిలీల పట్టిక, రైళ్ళ వివరాలు, టాయిలెట్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకున్న మ్యాపు, అన్నీ పంపిస్తాను. నా అడ్రసు మీ ఆఫీసులో ఉంది.

ఇక మాకు మిగిలింది నది పుట్టిన చోటి నుంచి రెడింగ్ దాకా పైభాగం. ఆక్స్‌ఫర్డ్ దాటి పైకి పోతే స్టేషన్లు తక్కువట, రాత్రికి ఇంటికి రావడం కుదరదు, ఊళ్ళలో బస వెతుక్కోవాలి. ఆ వైపు ఎవరైనా తెలుగువాళ్ళు నడిచి ఉంటే, వాళ్ళకు శాకాహారం ఎక్కడెక్కడ దొరికిందో మీ పత్రికకు రాయమని కోరుతున్నాను. మావారు ఈసారి కొత్త బూట్లు ఇప్పటికే వాడటం మొదలుపెట్టారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
తెనాలి